మనవాళ్ల మందుల షాపు

పప్పుకి తాలింపు వేస్తుంటే మా అత్తగారు సీతామహాలక్ష్మి వంటింటి గుమ్మంలో నిలబడి, "పిల్లలు పుట్టకుండా మాత్రలు మింగుతున్నావటగా" అంది. ఆవాలు మాడిపోయాయి. ఎవరు చెప్పారని అడగక్కర్లేదు. తెలంగాణ ఉద్యమం ముదిరిన దగ్గర్నుంచీ ఈవిడ పెట్టిన రూలేగా, ఉప్పైనా మందులైనా మనవైపు వాళ్ల దగ్గరే కొనాలని. మందుల షాపు చక్రపాణిది భీమవరం. అంటే చుట్టం కిందే లెక్క. ఇక దాపరికమేముంటుంది?

నాకు గర్భం పోయాక డాక్టరమ్మ రెండేళ్లు ఆగమంది. మా ఆయన శ్రీకర్ "డాక్టర్లు అలాగే అంటార్లే" అని కొట్టిపారేశాడు. రక్తం పోయింది నాకు, ఆయనకి కాదు. అందుకే చెప్పకుండా మింగాను. ఆ రాత్రి ఆయన మాత్రల షీటు చెత్తబుట్టలో పడేసి, అమ్మ ముందు నా పరువు తీశావన్నాడు.

మర్నాడు బంద్. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పనిచేసే కోచింగ్ సెంటర్ మూశారు. పక్కింటి రెబెక్కతో చెప్పుకుంటే, "ఊకుంటే ఎట్లక్కా? డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి కంప్లైంట్ ఇయ్యి" అంది.

సగం దించిన షట్టర్ కింద వంగి షాపులోకి వెళ్లాను. నా మాత్రల సంగతి మా అత్తగారికెందుకు చెప్పారని అడిగాను. చక్రపాణి నవ్వాడు. ఊరుకాని ఊళ్లో మనవాళ్లం ఒకరినొకరం కనిపెట్టుకోవద్దా అన్నాడు. నా మొహం చూసి గొంతు తగ్గించాడు.

"అంత కోపమైతే, మీ ఆయన నా దగ్గరేం కొంటాడో చెప్పనా? సరికి సరి."

అబ్బ, ఎంత వినాలనిపించిందో! ఆ ఒక్క ముక్క చాలు, తల్లీకొడుకుల నోళ్లు మూయించడానికి. అడగబోయి, నిన్న నా గుట్టు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ అత్తగారి మొహం గుర్తొచ్చి ఆగిపోయాను.

"చెప్పొద్దు," అన్నాను. "నాది చెప్పినందుకు మీమీద కంప్లైంట్ ఇస్తున్నాను."

ఎల్బీనగర్ చౌరస్తా దాకా నడిచి వేరే షాపులో మాత్రలు కొనుక్కున్నాను. ఇంటికొచ్చి, ఇద్దరూ చూస్తుండగానే ఒకటి మింగి, కంప్లైంట్ సంగతి చెప్పాను. మనవాడి మీదేనా అని అత్తగారు అందుకుంది. మా ఆయన మాత్రం పాలిపోయాడు. నా వెనకే వంటింట్లోకి వచ్చి, అమ్మకి వినబడకుండా అడిగాడు.

"వాడు... నా గురించేమైనా చెప్పాడా?"

"చెప్తానన్నాడు. అది మీ సంగతి కదా, నేను విననన్నాను."