పేరు లేని కడ్డీ

మార్చి నెలాఖరు రోజు పొద్దున ఏడున్నరకు ఇనుప రేకులు నొక్కే నాలుగో నంబరు ప్రెస్సు మా మేనల్లుడి మూడు వేళ్లు కొరికేసింది. ఎనిమిదింటికల్లా పైపుతో నెత్తురు కడిగేసి, అదే మిషను ముందు ఇంకొకణ్ణి నిలబెట్టారు. చెయ్యి లోపలికి పోకుండా ఇనుప జాలీ బిగించమని మూడేళ్లుగా మొత్తుకుంటున్నాం. మా మేనేజరుకు చెవులు లేక కాదు తమ్ముళ్లారా, ఒక్కో చెవిలో ఎద్దులబండి తిప్పొచ్చు. మా మాటకే అందులో దారి దొరకదు.

ఇక మిషన్లు ఆపేసి క్యాంటీన్‌లో కూర్చున్నాం. జాలీ బిగిస్తేనే లేస్తామన్నాం.

మేనేజరు కోప్పడలేదు. గోడ చూపించాడు. అక్కడ పెయింటరమ్మ నిచ్చెనెక్కి చార్టు గీస్తోంది. రెండే కడ్డీలు. నిరుటిది ఎర్రది, కప్పును తాకుతోంది. ఈ ఏటిది ఆకుపచ్చ, మనిషి నడుము దాటలేదు.

"చూశారా? ప్రమాదాలు మూడో వంతుకు దిగాయి. ఇంకా జాలీలెందుకు? లేవండి, పనిలోకి పొండి!"

నిజం దాచడమెందుకు, సగం మంది లేచారు. నేనూ లేచాను. అంత పెద్ద గోడ అబద్ధమాడుతుందని ఎవరనుకుంటారు?

నిచ్చెన మీంచి పెయింటరమ్మ అడిగింది. "సారూ, ఆకుపచ్చదాని కింద ఏ నెల దాకా అని రాయను?"

"ఏమీ రాయకు. అక్షరాలు పడితే అందం చెడుతుంది."

"పేరు లేని కడ్డీ దుడ్డుకర్ర సారూ. ఎవడి చేతిలో ఉంటే వాడే కొడతాడు."

మాకు కట్లు కట్టే నర్సమ్మ గుమ్మంలోంచి అందుకుంది. "నే చెప్తా, రాయవే తల్లీ. ఎర్రది పన్నెండు నెలలు, ఇరవై నాలుగు మంది. ఆకుపచ్చది మూడే నెలలు, ఎనిమిది మంది. ఇవాళ్టివాడితో తొమ్మిది. నిరుడు ఇవే మూడు నెలల్లో నలుగురు."

"ఓరి నీ తెలివి తెల్లారా!" అని మేనేజరు మీద అరిచాను. "మూడు నెలల పసిగుడ్డును నా పక్కన పడుకోబెట్టి, మనుషులు పొట్టివాళ్లయిపోతున్నారంటావా?"

లేచినవాళ్లం మళ్లీ కూర్చున్నాం. పెయింటరమ్మ నర్సమ్మ చెప్పిందంతా రాసింది, నల్లరంగుతో, మూరెడేసి అక్షరాల్లో.

గంటలో పోలీసులొచ్చారు. పెయింటరమ్మ కంపెనీ గోడ పాడుచేసిందట! వేళ్లు తెగినప్పుడు రాని వ్యాను అక్షరాలకు పరుగెత్తుకొచ్చింది. ఎక్కిస్తుంటే ఆమె వెనక్కి తిరిగి నన్ను చూసి కేకేసింది.

"మామా! ఇంకా బోలెడు గోడలున్నాయి! కింద సున్నా నుంచి మొదలెట్టండి! రెండిటికీ అవే మూడు నెలలు! ఒక్కో మనిషికి ఒక్కో గడి, అన్నీ ఒకే సైజు!"

నూట నలభై మందిమి ఆమె రంగులు, బ్రష్షులు తీసుకుని గేటు దాటి రోడ్డు పక్క గోడ పట్టుకున్నాం. నిరుటికి నాలుగు గడులు. ఈ ఏటికి తొమ్మిది. ప్రతి గడిలో తేదీ, మిషను నంబరు. ఆఖరి గడి నేనే నింపాను. అంకె వంకర పోలేదు.

ఎదుటి ఫ్యాక్టరీలో షిఫ్టు వదిలారు. ఒకామె ఆగింది.

"ఏంటన్నా ఇది?"

"చదువు చెల్లీ. కింద రాసుంది."

వేలు పెట్టి తనకు తానే చదువుకుంది. నిరుడు నలుగురు, ఈ ఏడు తొమ్మిది. వెనక్కి తిరిగి తన వాళ్లందరినీ కేకేసింది. తర్వాత నా వైపు చెయ్యి చాచింది.

"బ్రష్షు ఇలా ఇయ్యన్నా. మా లెక్కకు ఈ గోడ చాలదు."