ఉప్పునీళ్ల వేళ

"చాయ్ ఏమాయెనే?" ముందరి గదిలోంచి భర్త నరేందర్ రెండోసారి కేకేశాడు.

పుష్పలత వంటింట్లో పీట మీద కూర్చొని, గోరువెచ్చని ఉప్పునీళ్లలో తడిపిన కట్టుగుడ్డను కుడిచెవి పైభాగానికి అదిమి పట్టుకుంది. వేడి తగలగానే తలదాకా సలిపింది. కాసేపటికి నొప్పి మెల్లగా సడలింది. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు అలాగే పెట్టుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. నలభై రెండేళ్లలో తన ఒంటి కోసం పని ఆపి కూర్చోవడం ఆమెకు ఇదే మొదలు.

బోధన్ దగ్గరి ఊళ్లో ఆమె అంగన్‌వాడీ టీచరు. ఆయా రుక్మాబాయి చెవి పైభాగాన బుగిడి పెట్టుకునేది. పిల్లలకు అన్నం వడ్డించడానికి వంగినప్పుడల్లా అది తళుక్కుమనేది. పుష్పలతకు ఇంటర్ చదివేనాటి నుంచే అలాంటిది పెట్టుకోవాలని మోజు. "పెండ్లయినంక నీ ఇష్టం బిడ్డా" అన్నాడు బాపు. పెళ్లయ్యాక నరేందర్ "ఇప్పుడు ఎవలకు సూపెట్టాలె?" అన్నాడు. పోయిన నెల మీటింగుకని నిజామాబాద్ వెళ్లింది. బస్సుకు ఇంకా గంట ఉంది. ఎవరినీ అడగకుండా ఒక దుకాణంలోకి వెళ్లి చెవి కుట్టించుకుంది. చిన్న రింగు. బోధన్ వచ్చేదాకా దాన్ని తాకి తాకి చూసుకుంటూనే ఉంది. అలా తాకడమే ముప్పు తెచ్చిందేమో, నాలుగో రోజుకు చెవి వాచింది.

"పసుపు, నూనె పెడ్తే రెండు దినాలల్ల మానుతది" అని అత్త ఈరవ్వ, జక్రాన్‌పల్లి చేలో పండిన పసుపు తెచ్చి దట్టంగా పట్టించింది. రెండు రోజులకు చీము పట్టింది. నరేందర్ ఓసారి చూసి "ఈ వయసుల సోకులు జేస్తె గిట్లనే అయితది. తీసి పారెయ్యి" అన్నాడు.

డాక్టరమ్మ మాత్రం వద్దంది. "రింగు ఇప్పుడే తియ్యకు. తూటు మూసుకపోయి చీము లోపల్నే ఉంటది. గోళీలు మధ్యల ఆపొద్దు. ఉప్పునీళ్లు తప్ప పసుపు, నూనె ఏదీ పెట్టొద్దు. వాపు పెరిగినా, జరమొచ్చినా ఎంటనే రా. చెవి ఎనక నీకు కనవడదు గదా, ఇంట్ల ఎవలతోనన్న తుడిపించుకో."

ఆ సాయంత్రం పుష్పలత గుడ్డ తడిపి భర్త దగ్గరికి వెళ్లింది. "జర ఎనక తుడువుండ్రి. నాకు కనవడ్తలేదు."

నరేందర్ ఫోను మీంచి కళ్లెత్తి, మొహం చిట్లించాడు. "థూ, చీము సూస్తె నాకు కడుపుల తిప్పుతది. ఇంక అన్నం తినాలె నేను."

ఆమె గుడ్డతో అలాగే నిలబడింది. నిరుడు షుగర్‌తో అతని కాలి బొటనవేలు పుండయినప్పుడు నలభై రోజులు ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకొని కట్టు మార్చింది. ఆ వాసన చేతులకు అంటుకొని ఉండేది. సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కొని, ఆ చేతులతోనే జొన్నపిండి పిసికేది. నీకేమన్నా తిప్పుతోందా అని అప్పుడు ఎవరూ అడగలేదు. ఆమెకు కోపం రాలేదు. తన కడుపులో తిప్పిందో లేదో ఆ నలభై రోజుల్లో తనే ఒక్కసారైనా గమనించుకోలేదని తోచింది.

"ఇటు తే" అంది ఈరవ్వ వెనకనుంచి. "సబ్బుతోనే కడుక్కున్న చేతులు. నా పసుపుతోనే గదా ముదిరింది."

కిందటేడు ఈరవ్వ కంటి ఆపరేషన్ అయినప్పుడు రోజుకు నాలుగు పూటలు చుక్కలు వేసింది పుష్పలతే. ఇప్పుడు ఆ కళ్లనే చికిలించి ముసలామె చెవి వెనక తుడిచింది. చెయ్యి ఎక్కడా గట్టిగా తగల్లేదు. ఇరవై ఏళ్లలో అత్త చెయ్యి తన మీద ఇంతసేపు ఉండటం పుష్పలతకు కొత్త. ఎందుకో కళ్లు నిండాయి.

"నొస్తుందా?"

"లేదత్తమ్మా."

"నాకు కాలుల ముల్లిరిగితె నేనే తీస్కున్న. ఎవలు సూసిండ్రు?" అంది ఈరవ్వ, గుడ్డ గిన్నెలో ముంచుతూ.

ఆ రోజు నుంచి ఎవరు పిలిచినా పుష్పలత ఒకటే మాట చెప్పేది: "పది నిమిషాలు." మొదట్లో ఆ పది నిమిషాలూ నానబెట్టాల్సిన పప్పు, నింపాల్సిన రిజిస్టరు, ఆరేయాల్సిన బట్టలు తలలో తిరిగేవి. రెండో వారానికి ఏమీ తలచుకోకుండా కూర్చోవడం వచ్చింది. కిటికీ ఎండ గోడ మీద జరగడం చూస్తూ ఉండేది. విసుక్కుంటూనే నరేందర్ పాలు పొయ్యి మీద పెట్టడం నేర్చుకున్నాడు. రెండుసార్లు పొంగబెట్టాడు కూడా.

ఇరవై రోజులకు వాపు పోయింది. ఇంక ఉప్పునీళ్లు అక్కర్లేదు, శుభ్రంగా ఉంచుకుంటే చాలంది డాక్టరమ్మ. మర్నాడు పొద్దున పుష్పలత లేచింది, నీళ్లు మరగబెట్టి చల్లార్చింది, ఉప్పు వేసింది, పీట మీద కూర్చుంది.

నరేందర్ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. "మంచిగనే కనవడ్తుంది గదా! ఇంకేంది?"

"ఇంక పచ్చిగనే ఉన్నది" అంది పుష్పలత, అతని కళ్లలోకి చూస్తూ.

అతను తల్లి వైపు తిరిగాడు. "నిజమేనా అవ్వ?"

ఈరవ్వ వచ్చి కోడలి జుట్టు పక్కకు తీసి, చెవి వెనక చాలాసేపు చూసింది. అక్కడ చర్మం పొడిగా, శుభ్రంగా ఉంది.

"యాడ మానింది?" అంది కొడుకుతో. "ఇంక మస్తు దినాలు పడ్తది. చాయ్ నువ్వే పెట్టు, నాకు గూడ ఇంత పొయ్యి."

అని ఇంకో పీట లాక్కొని, కోడలి పక్కన కూర్చుంది.