అవ్వ వచ్చే తొవ్వ

నేను ఒక ఇనుప తట్టను. నాకు అన్నిటికంటే ఎక్కువ భయమేమిటో ముందే చెప్పేస్తాను. తలుపు బిగించిన ఇంట్లో, నిప్పులు నింపిన నాలాంటి తట్ట పక్కన పిల్లలు నిద్రపోవడం. తుప్పన్నా సుత్తి దెబ్బన్నా నాకు భయం లేదు. అవి నా ఒక్కదానికి వచ్చే కష్టాలు. ఇది అట్లా కాదు. ఈ పాత ఇనుము కుప్పలో, వంగిపోయిన సైకిలు చక్రం కింద పడి ఉండి కూడా నేను ఆలోచించేది దాని గురించే. చలి దిగింది. తాటిగూడలో ఆ ఇంటి తలుపు పైన కన్నం ఉందో, మూసేశారో నాకు తెలియడం లేదు.

మొదటి నుంచి చెబితే తప్ప మీకు అర్థం కాదు.

నన్ను తయారుచేసింది ఆదిలాబాద్‌లో ఒక రేకుల షెడ్డులో. అంతకుముందు నేను నూనె పీపాలో ఒక ముక్కనట. పీపాను నిలువునా చీల్చి, గుండ్రంగా కత్తిరించి, గుంట మీద పెట్టి కొట్టి కొట్టి నాకు లోతు తెచ్చారు. నాతోపాటు పుట్టినవి బోలెడు. ఒకదాని మీద ఒకటి బోర్లించి తాడుతో కట్టేస్తే ఎవరు ఎవరో మాకే తెలిసేది కాదు. మేస్త్రీలు మమ్మల్ని గమేళా అంటారు, నెత్తిన మోసే ఆడవాళ్లు తట్ట అంటారు. నేను మోసేవాళ్ల మాటే తీసుకున్నాను.

నన్ను కొన్నది తాటిగూడ మేస్త్రి పోశెట్టి. ఆ ఊరి బడికి కొత్త గది కడుతున్న రోజులవి. ఇసుక, కంకర, సిమెంటు అన్నీ నాలో కూర్చునే పైకి వెళ్లాయి. గది అయిపోయాక గోడకు నల్లరాయి బిగించి పేర్లు చెక్కారు. ఆ పేర్లవాళ్లలో ఒక్కరి తల కూడా నాకు తెలియదు. నాకు తెలిసిన తలలు వేరు. వాటిలో ఒకటి సుగుణది.

సుగుణ ఆ ఊరి కోడలు. ఏడో తరగతి సగంలో పుస్తకాలు కట్టిపెట్టి పత్తిచేలోకి పోయిన పిల్ల. నన్ను ఎత్తుకునే నాటికి ఆమెకు ముగ్గురు పిల్లలు, కడుపులో ఇంకొకరు. నిండు తట్టతో పాత గది కిటికీ పక్కగా పోతూ, లోపల పిల్లలు చదివే పాఠాన్ని తనూ పెదవులతో అనేది. అడుగు నెమ్మదించేది.

"ఏం సుగుణా, పరీచ్చ రాస్తవా ఏంది? ఇక్కడ సిమెంటు మాలు గట్టిపడుతున్నది" అనేవాడు పోశెట్టి.

"రాస్త గని, నా తట్ట నువ్వెత్తు మరి" అనేది ఆమె. అందరూ నవ్వేవారు, ఆమె కూడా. ఆ నవ్వు నాకు గుర్తుంది, తర్వాత ఎక్కువసార్లు వినలేదు కాబట్టి.

ఆమె ఇంట్లో మనుషులు ఎక్కువ, ఇల్లు ఒకటే గది. ఆమె, భర్త ఆశన్న, అత్త భీమవ్వ, సొంత పిల్లలు నలుగురు, చనిపోయిన బావగారి పిల్లలు ముగ్గురు. నాలుగోది బుజ్జి. పుట్టి కొద్ది నెలలే అయింది. ఆ ఏడు వాన ఆగలేదు. పత్తి చెట్టు మీదే నల్లబడింది. వెనక మట్టిగోడ నాని ఒరిగితే, దానికి కట్టె ఆసరా పెట్టబోయాడు ఆశన్న. గోడ సగం అతని కాలి మీద పడింది. కాలికి పట్టీ వేసి మంచంలో పడుకోబెట్టారు. గోడ ఉండాల్సిన చోట పాత చీరలు, ఎరువు సంచులు వేలాడదీశారు. కోసే చేను లేదు, కూలికి పోయే మగమనిషి లేడు. సుగుణ ఒక్కతే పనికి పోయేది.

దీపావళి పోయింది. మా వైపు ఆ తర్వాత చలి ఎట్లా ఉంటుందో అక్కడ పుట్టినవాళ్లకు తెలుసు. పక్కింటి నర్సుబాయి ఇల్లిల్లూ తిరిగింది. "సలి దిగినంక గా పోరగాండ్లు ఏం గావాలె? పాండ్రి, ఒక్కపూట పనే" అన్నది. ఊరు కదిలింది. పోశెట్టి నన్ను తెచ్చాడు. చెరువు మట్టిలో పేడ, వరిగడ్డి కలిపి ఆడా మగా తొక్కారు. ఆ మట్టినంతా మోసింది నేను. పొద్దు వాలేసరికి గోడ లేచింది.

గోడతో ఆగి ఉంటే బాగుండేది. మంచి పని మొదలుపెట్టిన మనుషులకు ఎక్కడ ఆపాలో తెలియదు. చూరు కింద సందు కనిపిస్తే మట్టి, దూలం పక్కన వెలుతురు కనిపిస్తే మట్టి. ఎవరో నీలం ప్లాస్టిక్ పట్టా తెచ్చి కప్పు మీద పరిచి, నాలుగు వైపులా కిందికి లాగి, అంచులు మట్టితో అతికారు. తలుపు కింద గోనెసంచి మడతపెట్టారు.

"ఇగ చీమ గూడ అడిగే రావాలె లోపలికి" అన్నాడు పోశెట్టి, చేతులు కడుక్కుంటూ.

"మీ కడుపు సల్లగుండ" అని దీవించింది భీమవ్వ.

"సల్లగుండమనకు ముసల్దానా, ఇప్పటికే వణుకుతున్న" అన్నది నర్సుబాయి. ముసలామె దగ్గుతూనే నవ్వింది.

పోతూ పోతూ పోశెట్టి నన్ను గడప దగ్గర వదిలేశాడు. "అడుగుకు చిల్లులు పడ్డయి పెద్దమ్మా, మాలు కారుతున్నది. నిప్పులకైతే పనికొస్తది, ఉంచుకో" అన్నాడు. మోత తప్పింది, ఇక వెచ్చగా బతకొచ్చు అని నేను సంతోషించాను. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే జాలి.

అంతకుముందు ఆ ఇంట్లో కట్టెల పొయ్యి మండితే పొగ కూలిన గోడలోంచి పోయేది. ఇప్పుడు పోవడానికి దారి లేదు. పిల్లలు కళ్లు నలుపుకొని ఏడ్చారు. పొగ లేకుండా వెచ్చదనం కావాలని ఆశన్న ఊరి కమ్మరిని అడిగి ఒక సంచి బొగ్గు తెప్పించాడు. ఊరంతా వచ్చి తన ఇల్లు నిలబెడుతుంటే మంచంలో కూర్చుని చూసిన మనిషి అతను. నిప్పు రాజేయడం ఒక్కటే అతని చేతికి మిగిలిన పని. కాలు చాపుకొని, చాటతో విసిరి, ఎర్రగా అయిన నిప్పులను నా నిండా పేర్చి, నన్ను తల్లి మంచం పక్కకు జరిపాడు.

"అవ్వా, కాళ్లు దగ్గర వెట్టు."

"వెట్టిన కొడుకా."

ఆ తల్లీకొడుకులు చివరగా మాట్లాడుకున్న మాటలు అవే.

పొగ మొరిగే కుక్కలాంటిది. దగ్గించి, కళ్లు మండించి, నిద్రపోయేవాణ్ణి లేపుతుంది. ఎర్రటి బొగ్గు వదిలే విషగాలికి గొంతు లేదు. నాకూ లేదు.

తెల్లవారే ముందు బుజ్జి పాలకు ఏడ్చింది. గట్టిగా కాదు, పిల్లికూన మూలిగినట్టు. సుగుణ లేవబోయి పడింది. బిడ్డను చంకన పెట్టుకుని పాకుతూ వెళ్లి తలుపు తీసింది. వాకిట్లో కక్కుకుంది. చలిగాలి తగిలాక తల తేరుకుంది. మళ్లీ లోపలికి అడుగు పెట్టగానే తల తిరిగింది. గడపలో గోడ పట్టుకుని నిలబడి, ఆమె నా వైపు చూసింది. నా పక్కన గంప కింద కోడి, దాని పిల్లలు కదలడం లేదు. అప్పుడు ఆమెకు తెలిసింది. ఎవరూ చెప్పలేదు, ఏ పుస్తకంలోనూ చదవలేదు, తన తలే చెప్పింది.

బిడ్డను చలిలో వదిలి, ఊపిరి బిగబట్టి లోపలికి వచ్చి, ఒక్కొక్కరినీ రెక్క పట్టి ఈడ్చింది. ఏడుస్తున్న పిల్లను విడిచి, ఏడవని పిల్లను ముందు లాగింది. ఆశన్న పట్టీ కాలితోనే దేకుతూ బయటపడ్డాడు. భీమవ్వను కూడా ఆమే మోసుకొచ్చింది. భీమవ్వ కళ్లు తెరవలేదు.

తెల్లారాక ఊరు మళ్లీ వచ్చింది. "ముసలి పాణం, సలికి ఆగలే" అన్నది నర్సుబాయి. పిల్లల వాంతులకు రాత్రి తిన్న కూరను తప్పుపట్టారు. కోడికి తెగులన్నారు. ఒకే గదిలో పక్కపక్కనే జరిగిన మూడింటికి మూడు కారణాలు దొరికాయి. మనుషులు వాటితో తృప్తిపడ్డారు.

ఆశన్న వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట చెప్పాడు. "ఎచ్చగ పోయింది మా అవ్వ. నా చేతి నిప్పు కాడ పోయింది. ఇంట్ల ఏ పని చెయ్యకపోయినా గా ఒక్క పని జేసిన."

సుగుణ నోరు తెరిచి మూసుకోవడం నేను చూశాను. తర్వాత చాలాసార్లు చూశాను. నీళ్లు తోడుతూ, బిడ్డకు పాలిస్తూ, భర్త పట్టీ విప్పుతూ నోరు తెరిచేది. ఆ మాట చెబితే పిల్లలు బతుకుతారు. అదే మాట చెబితే ఆయన బతకడు. రెండు బరువులూ ఒకే తట్టలో ఎత్తుకుని తిరిగింది ఆమె.

మూడో రోజు, పోయినవాళ్లు పిట్టయి వస్తారని, పిట్టకు పెట్టారు. భీమవ్వకు ఇష్టమైనవి వండి, విస్తరిలో పెట్టి దూరంగా నిలబడ్డారు. కాకి వచ్చి ముట్టింది. ఆశన్న కళ్లు తుడుచుకున్నాడు. ఆ సాయంత్రమే సుగుణ గడ్డపార తీసుకుని, తలుపు పైన గోడను పొడవడం మొదలుపెట్టింది.

"ఏందే అది? ఊరోళ్లు వెట్టిన మట్టి ఇంకా ఆరనన్న ఆరలే" అన్నాడు ఆశన్న.

ఆమె చేయి ఆగింది. వెనక్కి తిరగకుండానే అన్నది. "అత్త వచ్చిపోవాలంటే తొవ్వ ఉండాలె గద. ఇంత బిగిచ్చి పెడితె యాడికెల్లి వస్తది?"

ఆశన్న తల పైకెత్తి కన్నం చూశాడు. "ఇంకింత పెద్దగ పొడువు. రెక్కలు తాకుతయి" అన్నాడు.

ఆ కన్నం మనిషి చేయి దూరేంత అయింది. ఆ శీతాకాలమంతా అందులోంచి చలి వచ్చింది. పిల్లలు సణిగితే "మీ నాయినమ్మ వస్తది, ఊకోండ్రి" అనేది సుగుణ. పడుకునే ముందు నన్ను ఎత్తి వాకిట్లో పెట్టేది. పెద్దపిల్ల రవళి ఎందుకని అడిగితే, "ఇల్లు అంటుకుంటది బిడ్డా" అన్నది. భర్తకొక అబద్ధం, బిడ్డకొక అబద్ధం. రెండిటి వల్లా ఆ ఏడు అందరూ బతికారు. కూలి తక్కువైన రోజు గంజి తాగి పడుకున్నారు కానీ, పొద్దున లేచారు.

ఈ ఏడు భీమవ్వ ఏడాది జరిపారు. ఆమెను పెద్దల్లో కలిపారు. ఆశన్న ఇప్పుడు కొంచెం కుంటుతూ నడుస్తాడు. మర్నాడు తలుపు పైకి చూసి, "అవ్వ పెద్దల్ల కలిసింది. ఇగ తొవ్వ ఎందుకే? పోరగాండ్లకు సలి వెడుతున్నది" అన్నాడు.

సుగుణ ఆడిన అబద్ధానికి ఏడాదే గడువని ఆమెకు తట్టలేదు, నాకూ తట్టలేదు. "ఉండనీ. అత్త యాది నాకు పోతలేదు" అన్నది. "అవ్వ మీద నాకంటె నీకే ఎక్కువ ప్రేమున్నది" అని అతను మురిసిపోయాడు.

తర్వాత పెన్‌గంగ అవతల పత్తి తీయడానికి ఆడవాళ్ల గుంపు బయలుదేరింది. పోకపోతే పిల్లలకు తిండి లేదు. బుజ్జిని తీసుకుపోదామంటే అక్కడ చేలల్లోనే పడక. రవళి చంకకు బిడ్డనిచ్చి, "రాత్రి పండేటప్పుడు తట్ట బయట వెట్టు" అన్నది. భర్తతో, "నేనొచ్చేదాక కన్నం ముట్టకు" అన్నది. గడప దాటి మళ్లీ వచ్చి ఇంకోసారి అన్నది. ఈసారి నోరు తెరిచి చాలాసేపు నిలబడింది. బయట ఆటో హారన్ కొట్టింది. వెళ్లిపోయింది.

ఆమె పోయాక బుజ్జికి పడిశం పట్టింది. ఛాతీలో గురగుర. ఆశన్న బిడ్డను వీపున వేసుకుని ఇల్లంతా తిరిగాడు. చలిగాలి ఎక్కణ్ణుంచి వస్తుందో చూశాడు. అప్పుడే పాత ఇనుము బండి వచ్చింది. నా అడుగు కాలి ఊడిపోయింది, నిప్పు నిలవడం లేదు. నన్నూ ఒక విరిగిన బకెట్‌నూ ఇచ్చి, లారీ చక్రం రింగుతో చేసిన కుంపటి ఒకటి మార్చుకున్నాడు. లోతైనది, బలమైనది. రవళి దాన్ని ఎత్తబోయి, ఎత్తలేక వదిలేసింది. "నీతోని గాదు బిడ్డా, గది లోపల్నే ఉంటది" అన్నాడు ఆశన్న.

బండి మీద నుంచి నేను చివరగా చూసింది ఇది. అతను గడప ముందు కూర్చుని మట్టిలో గడ్డి కలుపుతున్నాడు. బుజ్జి అతని వీపు మీద తల వాల్చి దగ్గుతోంది. అతను కలపడం ఆపి, చేయి వెనక్కి పెట్టి బిడ్డను తట్టాడు. చేతి మట్టి ఆమె గౌనుకు అంటింది. బండి మలుపు తిరిగింది.

అతను చెడ్డవాడైతే నాకింత భయం ఉండేది కాదు.

నన్ను రేపో మాపో కరిగిస్తారు. దానికి నాకు బాధ లేదు. మీకు కాళ్లున్నాయి కాబట్టి అడుగుతున్నాను. తాటిగూడకు పొద్దున్నే ఒక బస్సు ఉంది. బడి దగ్గర దిగండి. నల్లరాయి మీద పేర్లున్న గది వెనక సందులో, నీలం పట్టా కప్పిన ఇల్లు. ఆశన్నతో ఆ రాత్రి సంగతి ఎత్తకండి. అది సుగుణ దించుకోవాల్సిన బరువు, చెప్పాలో వద్దో ఆమెకే తెలుసు. మీరు తలుపు పైన చూడండి. కన్నం మూసి ఉంటే మళ్లీ పొడవండి. ఎందుకని అడిగితే, పిట్ట ఇంకా వస్తోంది అనండి. అతను నమ్ముతాడు.

తర్వాత బుజ్జిని పేరు పెట్టి పిలవండి. వెంటనే పలకకపోతే మళ్లీ పిలవండి. పలికేదాకా ఆ గడప దగ్గర నుంచి కదలకండి.