రంగం ముడి

రాగి చెంబుల్ని పాత చీరల్లో చుట్టి గోనెసంచిలో సర్దుతున్న హేమావతి చేతులు ఆగిపోయాయి. పొద్దున తనే కట్టిన పిల్లల బట్టల మూట ఇప్పుడు సగానికి చిక్కిపోయి ఉంది. విప్పి చూస్తే అందులో చంటివాడు లోహిత్ చొక్కాలూ పక్కగుడ్డలే ఉన్నాయి. ఏడేళ్ళ చంద్రిక బట్ట ఒక్కటీ లేదు. ఇల్లంతా వెతికితే అవి అత్తగారి గదిలో దండెం మీద కనిపించాయి, ఎన్నాళ్ళనుంచో అక్కడే ఉంటున్నట్టు ఒద్దికగా.

ఎవరూ ఆమెతో ఒక్క మాట చెప్పలేదు. పుంగనూరులో కిరాణా అంగడి ఎత్తేసి కుప్పంలో పెద్దది పెడుతున్నాం, సామాను సర్దు అన్నారు. నడుం పడిపోయేలా సర్దింది. అత్త వెంకటలక్ష్మమ్మ మాత్రం చంద్రికను పక్కన కూచోబెట్టుకుని చింతపండులో గింజలు తీయడం, తన మోకాళ్ళకు నూనె రాయడం నేర్పుతూ వచ్చింది. మనవరాలి మీద ముద్దు కాబోలు అనుకుంది హేమావతి. ఎంత పిచ్చిది!

ఆ బట్టలు చేతబట్టుకుని మొగుడి దగ్గరికి వెళ్ళింది. ప్రకాష్ వ్యానుకు తాడు బిగిస్తూ, ఆమె మొహం చూడకుండానే అన్నాడు. "అమ్మకు కాళ్ళు నొప్పులు. ఒక్కతే యాడుంటాది? పాపను ఈడ్నే ఉండనీ. కొత్తచోట ఇద్దర్నీ యాడ మోస్తాం? అంగడి కుదురుకున్నాక వచ్చి తీసకపోదాంలే."

వచ్చి తీసుకుపోదాంలే అన్న ఆ మాట హేమావతి పుట్టకముందు నుంచీ ఆమె పుట్టింట్లో ఉంది. మదనపల్లెలో అమ్మమ్మ పాపమ్మ ఆ మాటను ఎన్నిసార్లు చెప్పుకుని కుమిలిందో లెక్కలేదు. పాపమ్మ బర్మాలో పుట్టి పెరిగిన మనిషి. రంగూన్‌ను చచ్చేదాకా రంగం అనే అంది. యుద్ధంలో బాంబులు పడితే అందరూ కొండలమీదుగా నడిచి వచ్చారు. దారిలో తాత చంటి మగబిడ్డను ఆమె చేతుల్లో పెట్టి, జ్వరంతో నడవలేని ఆడపిల్లను తోవ పక్కన చెట్టు కింద కూచోబెట్టాడు. ముందు ఊళ్ళో బండి దొరికితే వచ్చి తీసకపోదాంలే అన్నాడు. అమ్మమ్మ నడిచింది. "అది ఏడవలేదమ్మీ, సూస్తా ఉండె," అనేది. కథ ఎప్పుడూ అక్కడే ఆగిపోయేది.

అప్పట్నుంచి ఆ ఇంటి ఆడవాళ్ళు ప్రయాణమైతే తమ కొంగు చివరను ఆడపిల్ల పావడ బొందుకు ముడివేస్తారు. చేరినచోట గడప దాటాకే విప్పుతారు. పక్కనున్న అంగళ్లు ఊరికి పోయే బస్సులో కూడా అమ్మ అలా కడితే చిన్నప్పుడు హేమావతి సిగ్గుతో చచ్చిపోయేది. తనూ తల్లయి చంద్రికకు కట్టిన రోజు అత్త పగలబడి నవ్వింది. "రంగమోళ్ళ బుద్ధి యాడికి పోతాది! ఒక ఊరా, పేరా? బిడ్డల్ని పశువుల మాదిరి కట్టుకుంటారు." హేమావతి కూడా ఆమెతో కలిసి నవ్వి, ముడి వేయడం మానేసింది. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే తన మీద తనకే అసహ్యం వేసింది.

వ్యాను హారన్ మోగింది. సగం ఖాళీ అయిన ఇంట్లో ఆ చప్పుడు గోడలకు తగిలి తిరిగొచ్చింది. గుమ్మంలో వెంకటలక్ష్మమ్మ చంద్రిక మణికట్టును గట్టిగా పట్టుకుని నిలబడి ఉంది.

పాప ఏడవడం లేదు. చూస్తూ ఉంది.

"పిల్లోణ్ణి ఎత్తుకోని ఎక్కు, పొద్దుబోతాండాది," అన్నాడు ప్రకాష్.

హేమావతి చంటివాణ్ణి ఎత్తుకుంది. కానీ వ్యాను వైపు పోలేదు. తిన్నగా అత్త దగ్గరికి పోయి వాణ్ణి ఆమె గుండెలమీదికి వదిలింది. పిల్లాడు జారిపోతాడని అత్త రెండు చేతులా పట్టుకోక తప్పలేదు. చంద్రిక చేయి విడిపడింది. హేమావతి వంగి, తన కొంగు చివరను పాప పావడ బొందుకు ముడివేసింది. ముడి సరిగ్గానే పడింది. పాపను వ్యాను ఎక్కించి, తనూ ఎక్కి పక్కన కూచుంది.

"ఇద్దర్నీ మొయ్యలేమంటిరి గదా," అంది. "వాణ్ణి ఈడ్నే ఉండనీండి. అంగడి కుదురుకున్నాక వచ్చి తీసకపోదాంలే."

లోహిత్ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ప్రకాష్ మొహం పాలిపోయింది.

"నీకేమన్నా పిచ్చా? కన్నబిడ్డను ఎవురన్నా ఇట్లా ఇడిసిపెట్టి పోతారా?" అని అరిచాడు.

హేమావతి అతని మొహంలోకి చూస్తూ, ముడి మీద ఇంకో ముడి వేసింది.