ఎక్కించినవాళ్ళే దించాలి

మీ భారమంతా ప్రభువు మీద వెయ్యండి అన్న వాక్యం మా చర్చిలో ఏడాదికి రెండు మూడు సార్లయినా చదువుతారు. విన్నప్పుడల్లా నాకు ఒకటే సందేహం. వెయ్యమన్నాడు, బాగానే ఉంది. దించుకోవడం చేతకానివాడి మాటేమిటి? వాడికి విశ్వాసం తక్కువనా? లేక ఆ బరువు దించేస్తే వాడి దగ్గర ఇంకేమీ మిగలదనా? పదకొండేళ్ళుగా ఈ మాట ఎవరినీ అడగలేదు. నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను. రోడ్ల మీద మంచు తోసే లారీ నడిపి రిటైరయ్యాను. ఆదివారాలు చర్చి గుమ్మం దగ్గర నిలబడి పాటల పుస్తకాలు పంచుతాను. అలాంటివాడు పాస్టరుగారిని ఇటువంటివి అడిగితే బాగుండదనిపించేది.

ఈ సందేహం నన్ను పట్టుకున్నది రూడీ హౌటలా కారు వల్ల.

రూడీ మా పక్కింటివాడు. మా చర్చి పిల్లలకు స్కీయింగ్, అంటే కాళ్ళకి పొడుగాటి స్కీలు కట్టుకుని మంచు మీద జారడం, నేర్పింది అతనే. నేర్పడంలో అతనికి రెండే నియమాలు. కారు పైన స్కీలు పెడితే మొనలు వెనక్కి ఉండాలి, లేకపోతే గాలి కిందికి దూరి లేపేస్తుంది. రెండోది, ఎవరు ఎక్కించిన స్కీలు వాళ్ళే దించుకోవాలి. తండ్రి దించకూడదు, తల్లి దించకూడదు. పిల్లలు చలికి వేళ్ళు కొంకర్లు పోయి ఏడుస్తున్నా చేతులు కట్టుకుని చూస్తూ నిలబడేవాడు.

"రేపు అడవిలో నీ స్కీ ఊడిపోతే మీ అమ్మ పరిగెత్తుకొస్తుందా?" అనేవాడు.

మా పిల్లలు, ఊళ్ళో పిల్లలు అందరూ ఆ నియమంతోనే పెరిగారు. రూడీ కూతురు కైసా కూడా. తల్లి లేని పిల్ల. తండ్రి ఎంత తక్కువ మాట్లాడతాడో ఆ పిల్ల అంత ఎక్కువ మాట్లాడేది. పదిహేనేళ్ళకే పెద్దవాళ్ళ స్కీ పోటీల్లో దిగేది.

పదకొండేళ్ళ కిందట ఫిబ్రవరిలో ఒక శనివారం పక్క జిల్లాలో పోటీ జరిగింది. అందరం వెళ్ళాం. మా ఆవిడ ఎల్మా ఎప్పటిలాగే కాఫీ, ఏలకుల రొట్టె ఉన్న బుట్ట పట్టుకొచ్చింది. కైసా ఆ రోజు పన్నెండో స్థానంలో వచ్చింది. అంత వెనకబడి ఎప్పుడూ రాలేదు. తల నొప్పిగా ఉందంది. చీకటి పడకముందే బయల్దేరాలని అందరూ స్కీలు కార్ల పైకి ఎక్కిస్తున్నారు. మా మాటలు వినపడేంత దూరంలో రూడీ సామాను సర్దుతున్నాడు.

"ఎల్మా ఆంటీ, స్కీలు రెండూ కలిపి కట్టే నా పట్టీ తెగిపోయింది. మీ బుట్టకున్న ఎర్ర పట్టీ ఇవ్వరూ?" అంది కైసా.

"అది మా అమ్మ నేసిన పట్టీ పిల్లా."

"రేపు ఆదివారమేగా, చర్చిలో ఇచ్చేస్తా. దేవుడి తోడు."

"మూరెడు గుడ్డకి దేవుడెందుకే? తీసుకో."

ఆ పట్టీతో కట్టిన స్కీలు రూడీ కారు పైన క్లిప్పుతో మూసే కడ్డీల మధ్యకి ఎక్కడం నేను చూశాను. తర్వాత మా బండి అద్దాల మీది మంచు గీకే పనిలో పడ్డాను. దారిలో కైసాకి జ్వరం వచ్చిందట, మెడ తిప్పలేకపోయిందట. రూడీ ఇంటికి రాకుండా నేరుగా ఆసుపత్రికి పోనిచ్చాడు. మర్నాడు మేం రెండో పాట పాడుతుండగా పాస్టరుగారు వేదిక మీదికి వచ్చి చెయ్యెత్తి ఆపారు. ఎందుకో ఆయన చెప్పకముందే ఎల్మాకి తెలిసిపోయింది. పుస్తకం మూసేసింది.

రూడీ ఆసుపత్రి నుంచి ఒక్కడే వచ్చాడు. కారు వాకిట్లో పెట్టి లోపలికి వెళ్ళాడు. స్కీలు పైనే ఉండిపోయాయి.

మంచు కరిగింది, స్కీలు అక్కడే. చెట్లు చిగిర్చాయి, అక్కడే. జూలైలో పెట్రోలు బంకు దగ్గర ఎవరో పైఊరి మనిషి నవ్వి, "ఏం పెద్దాయనా, మంచు వస్తోందని మీకు ముందే కబురందిందా?" అన్నాడు. రూడీ డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు. బంకు అమ్మాయి ఆ మనిషికి ఏం చెప్పిందో గాని, పాపం అతను చాలాసేపు కారెక్కకుండా నిలబడ్డాడు.

రూడీ ఆ కారులోనే చర్చికి వచ్చేవాడు. ముందు వెళ్తుంటే వెనకనుంచి ఆ మొనలు కనిపించేవి, వచ్చిన దారి వైపే చూస్తున్నట్టు.

రెండేళ్ళు చూసి పాస్టరుగారు, సంఘం పెద్దలు నన్ను పంపారు. పక్కింటివాణ్ణి కదా అని.

"ఎన్నాళ్ళురా ఇలా?" అన్నాను.

"ఏది?"

"తెలియనట్టు అడక్కు. నువ్వు లోపలికి పో, నేను దించుతాను."

"నియమం నీకు తెలీదా వైనో? ఎక్కించినవాళ్ళే దించాలి."

"అది పిల్లలకి పెట్టిన నియమంరా."

"నేను పెట్టిందీ పిల్లకే." నా వంక చూశాడు. "పాస్టరుగారు పంపారా?"

"పంపారు."

"అయితే కాఫీ తాగి వెళ్ళు. వచ్చినందుకు ఏదో ఒక పని అయినట్టుంటుంది."

తాగి వచ్చేశాను. ఆ తర్వాతి ఆదివారమే భారం దించుకోవడం గురించి ప్రసంగం. జనం తలలు తిప్పకుండా ఓరకంట రూడీనే చూశారు. అతను మాత్రం పాటలన్నీ పాడాడు, అన్ని చరణాలూ. విశ్వాసం తక్కువైనవాడు అలా పాడతాడా అని నాకనిపించింది.

ఇప్పుడు ఈ శరదృతువులో కారు చచ్చిపోయింది. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు ఎన్ని కార్లని తుప్పు పట్టించి తిందో, దీన్నీ తినేసింది. ఆ ఉప్పు ఇన్నేళ్ళూ చల్లింది నేనే. మెకానిక్ డేల్ కింద పడుకుని చూసి లేచాడు.

"బాబాయ్, అడుగు చిల్లులు పడి కాళ్ళ కింద రోడ్డు కనిపిస్తోంది. ఇంకో గుంటలో పడితే రెండు ముక్కలవుతుంది. ఇక నడపడానికి లేదు. శనివారం లాక్కెళ్ళి తుక్కు కిందికి పంపేస్తాను."

"పంపు," అన్నాడు రూడీ.

"మరి పైనున్నవి?"

"అలాగే ఉండనీ."

"బాబాయ్, అక్కడ కారుని నొక్కి డబ్బా చేసేస్తారు. వాటితో సహా పోతాయి."

"పోనీ."

ఆ పిల్ల చేతులు చివరిగా తాకినవి అవే. వాటిని ఇనుప దవడల్లో వేసి నలిపేస్తే, ఆ తర్వాత రూడీ ఏమవుతాడు? అలాగని నియమం దాటి అతను దించడు, ఇంకెవర్నీ దించనివ్వడు. ఇంటికొచ్చి ఎల్మాతో చెప్పాను. ఆవిడ పిండి కలుపుతోంది. ఆ రోజు రొట్టె సరిగ్గా పొంగలేదు.

శనివారం తడి మంచు పడింది, ఈ ఏటికి మొదటిది. డేల్ లారీ వెనక్కి తెచ్చి గొలుసు తగిలించబోతుంటే ఎల్మా ఏప్రన్‌తోనే మా వాకిలి దాటి వచ్చింది.

"కాస్త ఆగు డేల్. రూడీ, నీతో ఒక మాట."

"వద్దు ఎల్మా. నువ్వు కూడా మొదలుపెట్టకు."

"నీ నియమం తప్పమని నేనడగను. స్కీలు ఎక్కించింది కైసా, నిజమే. క్లిప్పు మూసింది మాత్రం నేను."

రూడీ ఆవిడ వంక చూశాడు. "అబద్ధం."

"ఆ రోజు దాని చేతుల్లో బలం లేదు. ఎంత నొక్కినా క్లిప్పు పడలేదు. 'ఆంటీ, మీరు నొక్కరూ, నాన్న అటు తిరిగున్నాడు' అంది. నేను అరచేత్తో నొక్కాను. టక్కుమని పడింది."

"నన్ను ఓదార్చడానికి చెప్తున్నావు."

"ఇన్నేళ్ళ పొరుగు. నీతో ఎప్పుడైనా అబద్ధమాడానా?"

"నా కాఫీ బాగుందన్నావు ఒకసారి."

"అది అబద్ధం కాదు, మర్యాద."

డేల్ మొహం అటు తిప్పుకున్నాడు. రూడీ మాత్రం నవ్వలేదు.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నాన్నకి చెప్పకండి అంది. మాటిచ్చాను. నువ్వు పోయిన పిల్ల మీద కోప్పడతావేమోనని కూడా భయపడ్డాను." ఎల్మా కళ్ళు తుడుచుకోలేదు. "నేను మూసింది నేను తెరుస్తాను. అంతవరకే. మిగతాది నీ ఇష్టం."

రూడీ కారు వెనక వైపుకి జరిగి నిలబడ్డాడు. ఎల్మా మునివేళ్ళ మీద లేచి క్లిప్పు మీద చెయ్యి పెట్టింది. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. రెండు అరచేతులతో నొక్కింది. ఎండిన పుల్ల విరిగినట్టు చప్పుడు చేస్తూ పై కడ్డీ లేచింది.

కారు పైన తడి మంచు. ఇన్నేళ్ళుగా కదలని స్కీలు ఇంత జారాయి, ఆగాయి, మళ్ళీ జారాయి. మొనలు అంచు దాటి కిందికి వాలాయి.

రూడీ రెండు చేతులూ చాచి పట్టుకున్నాడు.

ఆలోచించి పట్టుకోలేదు. స్కీలు నేల మీద పడితే ఎవర్నీ క్షమించని మనిషి చేతులవి, వాటంతటవే లేచాయి. పట్టుకున్నాక గాని తను ఏం చేశాడో అతనికి తెలియలేదు. పసిపిల్లని ఎత్తుకున్నట్టు వాటిని గుండెకి ఆనించుకుని మంచులో మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. అతని నోట్లోంచి వచ్చింది ఏడుపని నాకు వెంటనే తెలియలేదు. అంతకుముందు నేను వినలేదు కదా.

డేల్ టోపీ తీసి పట్టుకున్నాడు. ఎల్మా అతని భుజాల మీది మంచు దులుపుతూ నిలబడింది.

తర్వాత కారుని లాక్కుపోయారు. దానికోసం రూడీ తలెత్తి చూడలేదు.

మర్నాడు అతన్ని నేనే మా బండిలో చర్చికి తీసుకెళ్ళాను. రొట్టె పని ముగించి వెనక వస్తానంది ఎల్మా. నేను గుమ్మం దగ్గర పుస్తకాలు పంచుతుంటే, రూడీ లోపలికి వెళ్ళకుండా ఎల్మా వచ్చేదాకా పక్కన నిలబడ్డాడు. ఆవిడ రాగానే కోటు జేబులోంచి మడిచిన చేతిరుమాలు తీశాడు. అందులో మా అత్తగారు నేసిన పట్టీ. ఉతికి ఆరబెట్టాడు. ఎండకి, వానకి పైదంతా తెల్లబోయి పోగులు లేచిపోయింది. క్లిప్పు కింద అణిగి ఉన్న జానెడు మేర మాత్రం కొత్తదానిలా ఎర్రగా ఉంది.

"ఆదివారం ఇస్తానంది కదా," అన్నాడు.

ఎల్మా రెండు చేతులతో అందుకుంది.