గోతులన్నీ ఎడమ చక్రానికే

స్టీరింగ్ ఎడమకి లాగేస్తోందంటూ ఖల్ఫాన్ బాబాయ్ తన పాత బండిని నిజ్వాలోని నా షెడ్డుకి తెచ్చాడు. జాకీ ఎత్తి చూస్తే నాకు ఒళ్లు మండింది. ఎడమ పక్క రబ్బరు బుష్‌లు పిండిపిండి అయిపోయాయి. చక్రాన్ని పట్టుకుని ఊపితే బాల్‌జాయింటు గలగలమంది. కుడి పక్క మాత్రం అన్నీ నిన్న బిగించినట్టున్నాయి.

"ఏం బాబాయ్, గోతులన్నీ ఒక్క చక్రానికే తినిపిస్తున్నావా?"

"నీ పని నువ్వు చూడు. నాకు డ్రైవింగ్ నేర్పకు."

అరిగినవన్నీ మార్చి, ఎండిన వాగులో తోలి చూద్దామన్నాను. మా దగ్గర బళ్లకి స్టీరింగ్ ఎడమ పక్కనే. కుడి పక్క ముందు సీటు తలుపు తీయబోతే, "వెనక కూర్చో" అన్నాడు. సణుక్కుంటూ వెనక ఎక్కాను.

మొదటి గొయ్యి కుడి చక్రానికి ఎదురుగా వచ్చింది. బాబాయ్ పనిగట్టుకుని బండిని పక్కకి జరిపి, ఎడమ చక్రాన్ని అందులో దించాడు. రెండో గోతిలోనూ అంతే.

"కళ్లు కనపడట్లేదా? ఇప్పుడే వేసిన కొత్త సామాను! కుడి చక్రం పడితే నీ సొమ్మేం పోయింది?" అని అరిచాను.

"అరవకురా. జువైనాకి నడుం నొప్పి. అటు పక్క కుదుపు తగిలితే తట్టుకోలేదు."

పోయిన రంజాన్ నెలలో జువైనా పిన్ని జనాజాలో పాడెకి భుజం పట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. బాబాయ్ పక్క సీట్లో ఆవిడ నడుం కింద పెట్టుకునే దిండు ఇంకా అలాగే ఉంది.

దారి మలుపు తిరిగింది.

"బాబాయ్, ముందు పెద్ద గొయ్యి ఉంది," అన్నాను. "పిన్ని జాగ్రత్త."