కోత మీద తడి

ఇరపాయ్ అనే పొట్టి తాటిచెట్టు ఆకును నడిమికి మడిచి, బద్ద మీద వేసి, పక్క ఆకు కిందనుంచి లాగి బిగిస్తోంది నెలిదా. కళ్ళతో పని లేదు, వేళ్ళే చూసుకుంటాయి. ఉకయాలి నది ఒడ్డున ఆ ఊళ్ళో సగం ఇళ్ళ కప్పులు ఈ అక్కచెల్లెళ్ళు అల్లిన తడికలే. ఇద్దరూ చెరో కొసనుంచి మొదలుపెట్టి మధ్యకు వచ్చేవారు. ఎక్కడ కలిసిందో చూసినవాళ్ళకు తెలిసేది కాదు. వయసులో ఉన్నప్పుడు ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే చెల్లెలు ఒతీలియాయే జవాబు చెప్పేది. “మా అక్కని తడిక మధ్యలో ఆపి లేవమను, వెనకే నేనూ లేస్తా.” అడిగినవాళ్ళు నవ్వుకుంటూ పోయేవారు. నెలిదా తల ఎత్తేది కాదు.

ఇప్పుడు రెండో కొస దగ్గర ఎవరూ లేరు. ఒతీలియా ఉయ్యాలలో పడుకుని ఉంది. పేగు మెలిపడితే పట్నం ఆసుపత్రిలో కడుపు కోసి సరిచేశారు. బొడ్డు పైనుంచి కిందిదాకా కుట్లు. ఇంటికి పంపేటప్పుడు నర్సు నెలిదాను పక్కకు పిలిచి నిదానంగా చెప్పింది. కోత చుట్టూ ఎరుపు పాకినా, ఒళ్ళు కాలినా, చీము పట్టినా, వాసన వచ్చినా తీసుకురావాలి. అన్నిటికంటే ముఖ్యం, కుట్ల మధ్యనుంచి లేత ఎరుపు నీరు కారితే ఒక్క పూట కూడా ఆగకూడదు. లోపలి పొర విడిపోతోందని దాని అర్థం. నెలిదా ఆ మాటలు పదే పదే చెప్పించుకుని నేర్చుకుంది. రోజూ పొద్దున్నే కట్టు విప్పి, కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళతో తుడిచి, ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసేది.

“బజార్లో చేపని ఎంచినట్టు ఎంచుతావేంటక్కా నన్ను,” అనేది ఒతీలియా.

నీళ్ళు చల్లారాయి. తడిక పక్కన పెట్టి నెలిదా లేచింది. ఆ పొద్దున కట్టు విప్పకుండానే సంగతి తెలిసిపోయింది. కట్టు తడిసి, లంగా తడిసి, ఉయ్యాల గుడ్డ కూడా తడిసింది. చీము లేదు, వాసన లేదు. మాంసం కడిగిన నీళ్ళ రంగు.

“ఎప్పట్నుంచి?”

“ఇప్పుడే. దగ్గొచ్చింది.” ఒతీలియా మొహం పక్కకు తిప్పుకుంది. “మళ్ళీ ఆ వార్డులో పడేస్తావా? నిన్ను గేటు దగ్గరే ఆపేస్తారు. ఎవరెవరో మూలుగుతుంటే వింటూ ఒక్కదాన్నే పడుండాలి. నావల్ల కాదక్కా.”

“గేటు దగ్గరే కూర్చుంటా. నువ్వు కదలకు.”

మోటారు పడవ ఉన్నది ఆ వాడలో అర్తేమియోకి ఒక్కడికే. నెలిదా పరుగున వెళ్ళి అతన్ని వెంటబెట్టుకు వచ్చేసరికి ఒతీలియా రెండు చేతులా పొట్ట పట్టుకుని ఉంది. అరవలేదు. మళ్ళీ దగ్గు వచ్చిందని, లోపల ఏదో తెగిందని మెల్లగా చెప్పింది.

నెలిదా గుడ్డ ఎత్తి చూసింది. కుట్లు విడిపోయాయి. పేగు తడిగా, మెరుస్తూ బయటికి వచ్చి ఉంది. దాన్ని లోపలికి తోసెయ్యాలని చేతులు ఉరికాయి. అలా వస్తే తోయకూడదని, తడిగుడ్డ కప్పి తేవాలని కూడా చెప్పి పంపింది నర్సు. ఉతికి కాచిన గుడ్డను ఉప్పునీళ్ళలో తడిపి పైన కప్పింది. మోకాళ్ళు మడిచి కింద దిండు పెట్టింది. మిగిలిన నీళ్ళు సీసాలో పోసుకుంది. ఉయ్యాలతో సహా ఎత్తి ఇద్దరూ పడవలోకి చేర్చారు.

నదిలో నీళ్ళు తగ్గి ఉన్న కాలం. ఎక్కడికక్కడ ఇసుక మేటలు. ఎండ నెత్తికెక్కింది. పడవ ఇసుకలో దిగబడినప్పుడల్లా అర్తేమియో మోటారు పైకెత్తేవాడు, నెలిదా తొడలోతు నీళ్ళలోకి దిగి భుజంతో నెట్టేది. మళ్ళీ ఎక్కి, చేతులు కడుక్కుని, ఆరిపోతున్న గుడ్డ మీద సీసాలోని నీళ్ళు పోసేది.

“అక్కా, గుక్కెడు నీళ్ళియ్యవే.”

మళ్ళీ కోస్తారని, కడుపు ఖాళీగా ఉండాలని, అక్కడికి చేరాక తాగుదువుగాని అని నచ్చజెప్పింది. వేలు తడిపి పెదాలు రాసింది. కాసేపటికి ఒతీలియా మళ్ళీ అడిగింది. నెలిదా మళ్ళీ పెదాలే తడిపింది. చెల్లెలి ఒళ్ళు కాలిపోతోంది, చేతివేళ్ళు మాత్రం చల్లగా ఉన్నాయి. మూడోసారి ఒతీలియా అడగలేదు. పడవ అంచు మీదుగా నది వైపు చూసి, కొంచెం నవ్వినట్టు పెదవి కదిపింది.

“ఇంత నది మధ్యలో పెట్టి నీళ్ళకి మొహం వాచేట్టు చేశావు కదే.”

పడవ మళ్ళీ దిగబడింది. ఈసారి చాలాసేపు కదల్లేదు. నెలిదా నీళ్ళలో మోకరిల్లి నెట్టింది, ఏడుస్తూ నెట్టింది, నదిని తిడుతూ నెట్టింది. ఎట్టకేలకు పడవ తేలింది. ఎక్కి చూస్తే ఒతీలియా మోకాలు ఒకటి పక్కకు వాలిపోయి ఉంది. నెలిదా దాన్ని నిలబెట్టింది. చెయ్యి తియ్యగానే మళ్ళీ వాలింది.

అర్తేమియో మోటారు ఆపాడు.

“నెలిదక్కా, వెనక్కి తిప్పమంటావా?”

“పట్నానికే పోనీ.”

రేవు వచ్చేదాకా ఆమె ఆ గుడ్డను తడుపుతూనే ఉంది.

ఆసుపత్రిలో డాక్టరు గుడ్డ తీసి చూసి, మళ్ళీ కప్పాడు. సరిగానే కప్పి తెచ్చావమ్మా అన్నాడు. నీరు ఎప్పుడు మొదలైందని అడిగాడు. ఈ పొద్దున్నే అని చెప్పింది నెలిదా. ఇంతదాకా వచ్చిందంటే ముందునుంచే కారి ఉండాలి అన్నాడతను.

ఖననం అయ్యాక నెలిదా ఇంటికి వచ్చి, ఉయ్యాల కట్టిన తాళ్ళు విప్పడానికి చెయ్యి ఎత్తింది. పడుకున్న మనిషికి అందేంత ఎత్తులో, వాలిన కప్పు తడికల సందున వేళ్ళకు ఏదో మెత్తగా తగిలింది. లాగింది. పాత రవిక చింపిన పీలికలు. ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఎండి బిరుసెక్కినవి, ఇంకా చెమ్మ ఆరనివి, లేత ఎరుపు మరక లోపలికి పోయేలా మడత మీద మడత పెట్టి, అరచేతిలో పట్టేంత చిన్నగా చేసినవి.